సింహాచలం కోసం ఒక్క ఏడుపు

ఆ ఆదివారం పొద్దున్న లోకోషెడ్డు ఫిట్టరు సింహాచలం అనుకున్న పనుల్లో చచ్చిపోవడం లేదు. ఎండ ముదరకముందే ఉల్లిపాయలు పీకాలి. ఆఖరి కాపు టమాటాలూ వంకాయలూ కొయ్యాలి. ఖాళీ అయిన మళ్లు తవ్వి కంద ముక్కలు పాతాలి, గట్ల మీద బెండ గింజలు పెట్టాలి. పందిరి కింద నిలబడి ఆనపకాయల్ని ఒకసారి కళ్లారా చూసుకోవాలి. తొమ్మిది దాటితే బిలాస్‌పూర్ ఎండ మనిషిని నిలవనివ్వదు కనక ఆపైన చద్దన్నం తిని పడుకోవాలి. ఆరు రోజులు ఇంజన్ల కింద దూరి నట్లు బిగించేవాడు ఏడో రోజున ఇంతకంటే ఏమీ అడగడు.

సంగతి పంథొమ్మిది వందల ముప్ఫై ఆరు వైశాఖంలోది. రైల్వే కాలనీలో షెడ్డు వెనక వరసలో ఆఖరి క్వార్టరు సింహాచలానిది. తొమ్మిదేళ్ల కింద అతను అందులో దిగినప్పుడు పెరడంటే కంకరా, ఇంజను బూడిదా. గూడ్సు యార్డుకి వచ్చే ఎడ్లబళ్ల వెనకాల తట్ట పట్టుకుని తిరిగి పేడ ఎత్తాడు. అర్పా నది ఒడ్డు నుంచి ఒండ్రు మోసుకొచ్చాడు. ఇంజన్లకి నీళ్లు పట్టే గొట్టం దగ్గర వృథాగా కారిపోయే నీటికి చిన్న కాలవ తీసి గోడ కింద నుంచి లోపలికి తెచ్చుకున్నాడు. నడివేసవిలో కాలనీ అంతా గోధుమరంగుకి తిరిగిపోయినా ఆ పెరడు ఒక్కటీ పచ్చగా ఉండేది. కాలనీ వాళ్లు గోడ మీంచి చూసేవారు. చూడడం వరకే. ఇద్దరు తినగా మిగిలినవి గోల్ బజారు కూరగాయల మనిషి పట్టుకుపోయేది గాని, తొమ్మిదేళ్లలో ఒక్క కాయ ఊరికే గోడ దాటిన పాపాన పోలేదు.

సింహాచలం చెడ్డవాడేం కాదు. కాయని చెట్టు నుంచి తెంచాలంటే అతనికి బాధ, తెంచినదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టాలంటే ఇంకా పెద్ద బాధ. పిల్లల్లేని ఇల్లు. భార్య అప్పలనర్సమ్మకి ఈ పిసినారితనం సిగ్గుగానే ఉండేది. అయినా ఆ మొక్కల మధ్య అతను తనలో తను నవ్వుకుంటూ తిరగడం చూసి నోరు మూసుకునేది.

ఉల్లిపాయలు పీకడం అయింది. టమాటాలు బుట్టకెక్కాయి. కంద ముక్కలు పాతి మట్టి కప్పి, పందిరి కింద నిలబడి సింహాచలం తలెత్తాడు. గోడవతల వేపచెట్టు మీద కాకి గూడుంది. గూట్లో పిల్లలున్నాయి. అతను అటువైపు చూడడం తల్లికాకికి నచ్చలేదు. ఒక్క విసురున దిగి నడినెత్తి మీద తన్ని వెళ్లిపోయింది.

"సూసినావేటే దీని పొగరు," అన్నాడు సింహాచలం తల రాసుకుంటూ.

అప్పలనర్సమ్మ చేతిలో బుట్ట కింద పెట్టేసింది. "రెక్క తగిలినాదా, కాలు తగిలినాదా?"

"కాలే. తన్నీసినాది. ఏటైతే?"

"నెత్తి మీదేనా?"

"నెత్తి మీద కాక మోకాలి మీద తన్నుద్దేటి?"

ఆమె గోడ దగ్గరికి వెళ్లి, "మంగాయమ్మత్తా, ఓపాలి ఇలా రా," అని పిలిచింది.

పక్క క్వార్టరు మంగాయమ్మ డ్రైవరు కొడుకు దగ్గర ఉంటున్న పెద్దావిడ. చీపురుపల్లి వైపు నుంచి వచ్చి నలభై ఏళ్లయింది. అటు సొంత ఊరి శాంతులూ తెలుసు, ఇటు ఈ దేశపు శాంతులూ తెలుసు. ఎవరికి ఏ గండం వచ్చినా రెండూ కలిపి చెయ్యమంటుంది. ఆమె చెప్పిన మాట కాదన్నవాళ్లు కాలనీలో ఇంతవరకూ లేరు.

"కట్టుబట్టల్తో తలకి పోసుకోడం, శివుడి కాడ దీపం ఎట్టడం మన వైపు పద్ధతి," అందామె అంతా విని. "ఆదివారం పూట నడినెత్తి మీద తన్నితే అదొక్కటీ సాలదు. ఇక్కడోళ్లు ఏటి సేస్తారంటే, మనిషి పోయినాడని సుట్టాలకి అబద్ధం కబురు అంపుతారు. ఆళ్లు నిజమనుకోని ఏడుస్తారు. ఆ కన్నీళ్లల్లో గండం కొట్టుకుపోద్ది. మర్నాడు, బతికే ఉన్నాడని ఇంకో కబురు అంపుతారు."

"ఎంతమంది ఏడవాల?" అంది అప్పలనర్సమ్మ.

"ఒక్కలు సాలు. గాని నిజం తెలిసినోళ్ల ఏడుపు లెక్కకి రాదు. నువ్వు ఏడిసినా రాదు, నాను ఏడిసినా రాదు. కబురు మోసినోడికీ తెలీకూడదు. పదోరోజు లోపల ఒక్క కన్నీటిబొట్టు పడాల. పడకపోతే మరి ఆ కబురే నిజమైపోద్ది."

సింహాచలం నవ్వబోయి భార్య మొహం చూసి ఆగిపోయాడు. ఇంత దూరం దేశంలో ఆమెకి అతను తప్ప ఎవరూ లేరు.

"ఒక్క బొట్టే కదేటి," అన్నాడతను. "బొబ్బిలిలో మా శంకరరావన్న ఉన్నాడు కదా. రేపటికల్లా కుండలు నిండిపోతాయి."

ఇక్కడి పల్లెల్లో ఈ శాంతి చేసేవాళ్లు పక్క ఊరికి కాలినడకన కబురు పంపి, వెనకాలే వెళ్లి గోడవతల నిలబడతారు. లోపల ఏడుపు వినబడగానే తిరిగి వచ్చేస్తారు. పూట తిరక్కుండా పని తేలిపోతుంది. రైల్వే వాళ్లకి కాలినడక అలవాటు తప్పింది. వాళ్లు ఉగాది పచ్చడి బాగులేదన్న సంగతయినా సరే గార్డు చేతికిచ్చి మూడు వందల మైళ్లు పంపుతారు. ఈ కబురునీ అలాగే పంపారు.

విత్తనపు కంద కోసం సింహాచలం శనివారం మధ్యాహ్నం చాంపా ఊరు వెళ్లాడు. అక్కడ వడదెబ్బ తగిలి పోయాడు. కబురు వచ్చేసరికే దహనం కూడా అయిపోయింది. ఇదీ మంగాయమ్మ అల్లిన కథ. బతికున్న శవాన్ని ఆమె తన పెరట్లో బొగ్గుల గదిలో పెట్టి గొళ్లెం వేసింది. ఆ గదికీ సింహాచలం పెరటికీ మధ్య ఒకటే గోడ. అందులో ఒక ఇటుక ఊడిపోయి ఉంది. సింహాచలం బొగ్గుల మీద గోనెపట్టా పరుచుకుని ఆ కన్నంలోంచి తన వంకాయలు చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం రాయపూర్ పాసింజరెక్కాల్సిన గార్డు చిన్నారావు వచ్చాడు. అప్పలనర్సమ్మ తల దించుకుని కథంతా చెప్పింది. చిన్నారావు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నిన్న పొద్దున షెడ్డు కాడ కనిపించినాడు గదా వొదినా. నమ్మలేకున్నాను. శంకరరావన్నకి కబురు నానందిస్తాను. బొబ్బిలి దాకా ఏ స్టేషనూ ఇడిసిపెట్టను."

కన్నం వెనక సింహాచలం ఊపిరి బిగబట్టాడు. చిన్నారావు అతనితో ఒకే రైలెక్కి ఈ ఊరు వచ్చినవాడు. ఇతనే ఏడిస్తే బొబ్బిలి దాకా పోనక్కర్లేదు. చిన్నారావు చెయ్యి కళ్ల దాకా వెళ్లింది. అక్కడ నుంచి చూపు బుట్ట మీద పడింది.

"ఒక్కదానివి, ఇన్ని వంకాయలు ఏటి సేస్తావు వొదినా? వాడిపోతాయి."

టోపీ నిండా వేసుకున్నాడు. టోపీ నిండా వంకాయలున్నవాడు కళ్లు తుడుచుకోవాలన్నా వీలు పడదు. రెండు చేతుల్తో జాగ్రత్తగా పట్టుకుని స్టేషను వైపు నడిచాడు.

చిన్నారావు నోట్లో నువ్వుగింజ నానదు. సోమవారం పొద్దుటికి కబురు రాయపూర్ దాటింది, సాయంత్రానికి షెడ్డుకీ చేరింది. పని దిగిన పదకొండుమంది నూనె బట్టలతోనే వచ్చి పెరట్లో నిలబడ్డారు. ఎలా పోయాడని ఒక్కడూ అడగలేదు. ఆనపపందిరి ఎన్ని గుంజల మీద వేశాడని అడిగారు. ఎరువేం వేసేవాడని అడిగారు. బాయిలరు పని చేసే సూర్యం మాత్రం గొంతు సవరించుకుని, "ఆడి తిక్క ఎలాగున్నా, ఆడి టమాటాలు మాత్రం..." అని ఆగిపోయాడు. అది దుఃఖమేమోనని సింహాచలం కన్నానికి కన్ను ఆనించాడు. సూర్యం గుటక వేశాడు. నోరూరడం వల్ల ఆగాడు.

మూడో రోజు చిన్నారావు తిరిగొచ్చాడు.

"కబురు అందేసరికి మీ బావగారు అన్నం తింటన్నారట వొదినా. చెయ్యి ఆగిపోయినాదట. 'అలాగా' అన్నారట."

"ఏడ్సినారా?"

"నానూ అదే అడిగినాను. మజ్జిగ పోయించుకున్నారట."

ఆరేళ్ల కింద శంకరరావు వచ్చినప్పుడు ఆనప గింజలు నాలుగు ఇమ్మని తమ్ముణ్ని అడిగాడు. "ఎల్లేటప్పుడు గుర్తు సెయ్యన్నా," అన్నాడు సింహాచలం. అన్న వెళ్లే రోజున డ్యూటీ వేయించుకుని ఇంట్లో లేకుండా పోయాడు. బొగ్గుల గదిలో సింహాచలానికి ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. గింజలు నాలుగే కదా, ఇచ్చుంటే పోయేదని మొదటిసారి అనిపించింది.

అప్పలనర్సమ్మకి భయం పట్టుకుంది. ఇటుక కన్నం దగ్గర నోరు పెట్టి, "మావా, ఊరికే ఎవులూ ఏడవరు. నీ సేతి సలవ నోటికి తగిలితే మనసు కరుగుద్దేమో. సూడ్డానికొచ్చినోళ్లకి తలా ఇన్ని కూరగాయలు ఇస్తాను," అంది.

సింహాచలం కన్నంలోంచి మళ్లనీ పందిరినీ ఒకసారి కలయచూశాడు. "టమాటాలు ఇయ్యి," అన్నాడు చివరికి. "ఆనపకాయలు వొద్దు."

మర్నాడు టమాటాలు అయిపోయాయి. తీసుకున్నవాళ్లు ఏడవకపోగా మొహాలు విప్పార్చుకుని వెళ్లారు. ఎవరింట్లో వాళ్లు చెప్పుకోగా సాయంత్రానికి అవతలి వరసల నుంచి కూడా పరామర్శకి బయల్దేరారు. ఏడేళ్లుగా సింహాచలంతో మాటల్లేనివాళ్లు సంచీలతో వచ్చారు. అప్పలనర్సమ్మ ఒక్కొక్కరి మొహంలోకి చూస్తూ చేతిలో పెట్టేది. చూసి చూసి బీరకాయలు పెట్టింది. అయిదో రోజుకి ఆనపకాయలు కూడా దిగాయి. పెద్దకాయని సూర్యం భుజాన వేసుకుని ఈల వేసుకుంటూ పోయాడు. సింహాచలం కన్నం దగ్గర నుంచి లేచి గదిలో ఆ మూలకి వెళ్లి కూర్చున్నాడు.

వీళ్లందరిలోకీ మర్యాదస్థుడు షెడ్డు గుమాస్తా త్రినాథరావు. హాజరు పుస్తకంలో సింహాచలం పేరు కొట్టేసింది అతనే. క్వార్టరు కోసం ఏడేళ్లుగా వరసలో ఉన్నాడు. ఊరి అవతల తిఫ్రాలో మట్టిగోడల గది ఒకటి అద్దెకి తీసుకుని భార్య, తల్లి, నలుగురు పిల్లలతో అందులో సర్దుకుంటున్నాడు. రోజూ అక్కడ నుంచి నడిచి డ్యూటీకి వస్తాడు. అతను కూరగాయలు ముట్టుకోలేదు. మధ్యాహ్నం భోజనం వేళ వచ్చి, చొక్కా చేతులు మడిచి, "మీరు కూర్చోండమ్మా, నేను పోస్తాను," అని మొక్కలకి నీళ్లు పోశాడు. మండుటెండలో, ఆకుల మీద, కుండలు కుండలుగా పోశాడు.

"ఉడికిపోతాయే, ఉడికిపోతాయే," అని సింహాచలం కన్నంలోంచి గొణిగాడు. "మొదట్లో పొయ్యమను. పొద్దుగూకినాక పొయ్యమను."

"సచ్చినోడివి, నోరు ముయ్యి," అంది మంగాయమ్మ వెనక నుంచి. ఆమె అతనికి రెండుపూటలా ఉప్పు గంజి పోస్తోంది. గండంలో ఉన్నవాడికి కారం తగలకూడదట.

త్రినాథరావు నీళ్లు పోయడం అయ్యాక ఈ గోడ నుంచి ఆ గోడకి అడుగులు వేసి చూసుకున్నాడు. "అచ్ఛా," అనుకున్నాడు తనలో తను. "ఇక్కడ గోవుని కట్టొచ్చు." అతను చెడు ఉద్దేశంతో అనలేదు. ఆ అచ్ఛా విన్నాక మాత్రం సింహాచలానికి గంజి దిగలేదు.

ఆరో రోజున శంకరరావు దిగాడు. బొబ్బిలి స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ కనక పాసు దొరికింది. పిల్లల్లేని తమ్ముడికి కర్మ తనే చెయ్యాలి కనక వెంట భార్య లక్ష్మీనరసమ్మనీ మరో అయిదుగురినీ తెచ్చాడు. ఏడుగురూ కాళ్లు కడుక్కుని పెరడు చూశారు. ఆ పూట నుంచి ఇంట్లో పొయ్యి ఆరలేదు. మిగిలిన వంకాయలు కూరలోకి పోయాయి, లేత బీరకాయలు పప్పులోకి పోయాయి. విత్తనానికని తీగ మీదే ముదరనిచ్చిన ఆనపకాయని కూడా గొడ్డలి వెనకతో కొట్టి చూసి, పనికిరాదని పారేశారు.

"పదోరోజు నీ గాజులు నాను తీస్తాను సెల్లీ," అంది లక్ష్మీనరసమ్మ తోటికోడలి చెయ్యి నిమురుతూ. "ఇంకొకలు తీస్తే నొప్పెడతాది."

ఆ మాటకి అప్పలనర్సమ్మ గాజుల చెయ్యి కొంగులో దాచుకుని గోడ దగ్గరికి పోయింది. అబద్ధమని తెలిసినా, పదో రోజు లోపల కన్నీటిబొట్టు పడకపోతే ఏమవుతుందన్నది ఆమెను నిద్రపోనివ్వడం లేదు.

ఏడో రోజు పొద్దున్న అద్భుతం జరిగింది. సింహాచలం కన్నంలోంచి చూస్తే వంగమొక్కల అవతల లక్ష్మీనరసమ్మ మొహం కనిపించింది. ఆమె చెంపల మీంచి కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. ముక్కు ఎగబీలుస్తోంది. మోచేత్తో కళ్లు తుడుచుకుంటోంది, మళ్లీ కారుతున్నాయి.

"అత్తా," అన్నాడు సింహాచలం. "మా వొదిన ఏడుస్తన్నాదే. ఏనాడూ నానామెకి ఒక్క కాయ ఎట్టినోడ్ని కాను. సూడు, ఎలాగేడుస్తన్నాదో. ఈ గండం గట్టెక్కనీ, ఈసారి ఎల్లినప్పుడు బస్తాడు కూరలు అట్టుకెల్తాను."

మంగాయమ్మకీ కళ్లు చెమర్చాయి. నిర్ధారణ చేసుకోడానికి బయటికి వెళ్లి గోడ మీంచి చూసింది. తిరిగొచ్చి గొళ్లెం వేసుకుని నిలబడింది.

"కత్తిపీట ముందేసుకున్నాది," అంది.

సింహాచలానికి అర్థమైంది. "ఎన్ని తరిగినాది?" అని అడిగాడు.

"బుట్టెడు."

ఆ ఉల్లిపాయలు అతనివే. మంచి ఘాటున్న జాతి అని తనే ఏరి నాటాడు. ఉల్లిపాయల కన్నీళ్లు లెక్కకి వస్తాయా అని అడిగే ధైర్యం కూడా లేకపోయింది.

ఆ సాయంత్రం అప్పలనర్సమ్మ గోడ పక్కన నీళ్లు పోస్తున్నట్టు వంగింది. కన్నంలోంచి అతని గొంతు మెల్లగా వచ్చింది.

"నర్సమ్మా, నాను నిజంగా పోతే ఎవులైనా ఏడుస్తారేటే?"

"నాను ఏడుస్తాను."

"నువ్వు కాక."

ఆమె ఆలోచించింది. తొమ్మిదేళ్లుగా తెలిసిన మొహాలన్నీ వరసగా తలుచుకుంది. తర్వాత చెంబు పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. సింహాచలం ఆ రోజు చీకట్లో గోనెపట్టా మీద కూర్చుని తన చావుకి తనే ఏడ్చాడు. నిజం తెలిసినవాడు కనక అదీ లెక్కకి రాలేదు.

తొమ్మిదో రోజు సోమవారం. పొద్దున్నే పెరటి గుమ్మంలో ఎడ్లబండి ఆగింది. రైల్వేలో అంత వేగంగా కదిలిన కాగితం అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. త్రినాథరావు చేతిలో క్వార్టరు ఉత్తర్వు ఉంది. బండిలో గిన్నెలు, చాపలు, అతని ముసలితల్లి, నలుగురు పిల్లలు ఉన్నారు. భార్య కనకం నెత్తి మీద కొంగు సర్దుకుంటూ దిగింది.

"మీకు ఇంకా నెల గడువుందమ్మా," అన్నాడు త్రినాథరావు సంకోచంగా. "మేము వెనక గదిలో సర్దుకుంటాం. తిఫ్రా గది నిన్ననే వదిలేశాము. వానలొస్తే గోడ పడిపోతుందని ఓనరు కూడా వేరే చూసుకోమన్నాడు. మా చిన్నది అక్కడి తేమకి రొంపతో ఈ రెండేళ్లూ పడుకోలేదు."

కనకం ఎవరితోనూ మాట్లాడకుండా పెరట్లోకి వెళ్లింది. గోడ కింద నుంచి కాలవలో పారుతున్న నీళ్లు చూసింది. వంగి, అందులో చెయ్యి పెట్టింది. "ఎంతసేపొస్తాయి?" అని అడిగింది. రోజంతా వస్తాయని చెప్పింది అప్పలనర్సమ్మ. కనకం చెయ్యి తియ్యలేదు. తిఫ్రాలో ఆమె రెండు బిందెల నీళ్ల కోసం తెల్లవారకుండా లేచి చెరువుకి పోతుంది. మొహం నిండా నవ్వు పరుచుకుంది. ఆ నవ్వు కన్నంలోంచి సింహాచలం కూడా చూశాడు. అతనికి ఎందుకో కోపం రాలేదు.

కోపం వేరేచోట వచ్చింది. వచ్చిన చుట్టాలకీ, కొత్తగా దిగినవాళ్లకీ కలిపి మధ్యాహ్నం వంట కావాలి. పెరట్లో కొయ్యడానికి ఏమీ మిగల్లేదు. శంకరరావు గునపం భుజాన వేసుకుని ఖాళీ మళ్ల మధ్య తిరిగాడు. తేమగా, పైకి ఉబ్బినట్టున్న మట్టి దగ్గర ఆగాడు.

"ఇక్కడ కంద పాతినట్టున్నాడు. పాతి ఎన్నో రోజులైనట్టు నేదు, ముక్కలు బాగానే ఉంటాయి. పులుసెట్టించీవచ్చు," అన్నాడు. మొదటి పోటు వేశాడు.

కాయలు పోతే మళ్లీ కాస్తాయి. పాతిన విత్తనం పీకి పులుసు పెట్టడం సింహాచలం పుట్టి బుద్ధెరిగాక వినలేదు. అతనికి గండమూ గుర్తు లేదు, పదో రోజూ గుర్తు లేదు. బొగ్గుల గది తలుపు ఒక్క తోపుకి గొళ్లెం ఊడి పడింది. తొమ్మిది రోజుల గడ్డంతో, జుట్టు నుంచి కాళ్ల దాకా నల్లటి మసితో గోడెక్కి, ఇవతలికి దూకి, అన్న చేతిలో గునపం లాక్కున్నాడు.

"అన్నా, దాన్ని ముట్టుకోకు," అన్నాడు.

శంకరరావు వెల్లకిలా పడ్డాడు. లక్ష్మీనరసమ్మ ఏ దేవుడి పేరో తలుచుకుని ఇంట్లోకి పరిగెత్తింది. మిగిలిన అయిదుగురూ బండి కిందికి దూరారు. సింహాచలం మాత్రం వంగి, బయటపడ్డ కంద ముక్క మళ్లీ పాతి మట్టి కప్పుతున్నాడు. దయ్యాలు కంద పాతవు కనక కాసేపటికి అందరికీ విషయం బోధపడింది.

"బతికే ఉన్నావేట్రా," అన్నాడు శంకరరావు లేవకుండానే. "మరి నా సెలవేటవుతాది?"

త్రినాథరావు చేతిలో కాగితం వైపు చూసుకున్నాడు. దాన్ని నెమ్మదిగా మడిచాడు. మళ్లీ విప్పాడు. "అయితే ఇది..." అన్నాడు. భార్య వైపు చూశాడు.

కనకం కాలవ పక్కనే ఉంది. మసి పూసుకున్న మనిషిని తేరిపార చూసింది. అతను ఊపిరి తీస్తున్నాడు. అతని ఛాతీ లేచి పడుతోంది. సందేహం లేదు. ఆమె ఉల్లిమడి గట్టు మీద చతికిలబడింది. కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఆగలేదు. కడుపులోంచి వచ్చిన ఏడుపు పెరడంతా వినిపించింది. తల్లి ఏడవడం చూసి బండిలో పిల్లలు ఏడ్చారు. పిల్లల్ని చూసి ముసలావిడ ఏడ్చింది. త్రినాథరావు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదలడం అందరికీ కనిపించింది.

సింహాచలం గునపం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తన మూలంగా మనుషులు ఇంతలా ఏడవగలరని అతను అనుకోలేదు. కనకం చేతిలో ఏదైనా పెట్టాలనిపించింది. పందిరి వైపు చూశాడు, వంగమళ్లు చూశాడు. ఇవ్వబుద్ధి పుట్టిన ఆ రోజున పెరట్లో ఒక్క కాయ లేదు.

"ఏడవకమ్మా," అన్నాడు చివరికి, ఒక అడుగు ముందుకేసి.

అప్పలనర్సమ్మ వెనక నుంచి అతని చెయ్యి పట్టి లాగింది. "ఆపకు మావా," అంది చెవి దగ్గర. "ఇంకాసేపు ఏడవనీ."

మంగాయమ్మ గోడ మీంచి వంగి కనకం మొహం పరీక్షగా చూసింది. చుట్టుపక్కల నేలంతా చూసింది. "ఉల్లిపాయలు ఏమన్నా తరిగినారేటి?" అని అడిగింది.

"ఉల్లిపాయలు ఏనాడో అయిపోయినాయి," అంది అప్పలనర్సమ్మ. ఆ వెంటనే ఆమెకి గుబులు పుట్టింది. "నిజం తెలిసినోళ్ల ఏడుపు లెక్కకి రాదన్నావు గదా అత్తా. ఈ పిల్లకి తెలిసిపోయినాది గదా."

మంగాయమ్మ ఈ చిక్కు ముందు ఊహించలేదు. కళ్లు మూసుకుని కొంచెంసేపు ఆలోచించింది. అంతవరకూ పెరట్లో ఏడుపు సాగుతూనే ఉంది.

"బతికున్నాడని తెలిసి, సచ్చినాడని ఏడిస్తే అది దొంగేడుపు. అది లెక్కకి రాదు," అందామె కళ్లు తెరిచి. "ఈ పిల్ల బతికున్నాడనే ఏడుస్తన్నాది. ఇందులో దొంగతనం నేదు. పదోరోజు ఇంకా రానేదు. గండం గడిసిపోయినాది."

అప్పలనర్సమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది, తూర్పుకో, కనకానికో ఆమెకే తెలీదు. గాజులు గలగలమన్నాయి. ఎండెక్కాక బండి మళ్లీ తిఫ్రా వైపు తిరిగింది. వదిలేసిన గది మళ్లీ ఇస్తారో లేదో త్రినాథరావుకి తెలీదు. బండి వెనక కనకం కాలవలో తడిసిన చెయ్యి కొంగుకి తుడుచుకోకుండా నడిచింది.

సింహాచలం బతికే ఉన్నాడని హాజరు పుస్తకంలో తిరిగి రాయవలసినవాడు కూడా త్రినాథరావే. అతను ఆ ఒక్క ముక్క రాయడానికి నాలుగు నెలలు తీసుకున్నాడు.